రాతిగోడకూ దర్వాజకూ మధ్య సందు

మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి ముఖం ఇంట్లో తలుపు వేసి చూస్తే, దర్వాజ పక్కన నిలువునా సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. దేవరకొండ, అచ్చంపేట, వనపర్తి వైపు రాతిగోడల పాత ఇళ్లలో ఇది మామూలే. వెలుగు వచ్చే దారినే వడగాలి వస్తుంది, దుమ్ము వస్తుంది, వానాకాలంలో జల్లు వస్తుంది. రాత్రిపూట తేలో జెర్రో వచ్చేదీ ఆ దారినే. ఇంటివాళ్లు ఏటా గమేలాలో ఇంత సిమెంటు కలిపి మెత్తుతారు. మరుసటి ఎండాకాలానికి ఆ సిమెంటు పట్టీ గోడకు అంటుకునే ఉంటుంది గానీ దర్వాజను మాత్రం వదిలేస్తుంది. మళ్లీ అదే గీత, అదే చోట.

ఇసుకలో మట్టి ఉందనో మేస్త్రీ సరిగా తడపలేదనో అనుకోవడం పరిపాటి. అసలు పొరపాటు కంతను పూడ్చినట్టు ఈ సందును పూడ్చడంలో ఉంది. గోడ ఉన్నచోటే ఉంటుంది. కర్ర ఏటా ఉబ్బుతుంది, ఏటా కుంగుతుంది. ఆ రెంటి మధ్య జాగా కూడా వాటితోపాటే ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. అలాంటి చోట బిగుసుకుపోయే పదార్థం ఏది పెట్టినా ఎక్కడో ఒకచోట తెగక తప్పదు.

(దర్వాజ అంటే ఇక్కడ తలుపు రెక్క అనుకోవద్దు. రెక్కను మోసే చౌకట్టును, కోస్తావాళ్లు ద్వారబంధం అనేదాన్ని, ఈ వ్యాసంలో దర్వాజ అంటున్నాం.)

సందు ఎట్లా పుడుతుంది

నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా భాగం గ్రానైటు, దాన్ని పోలిన నీస్ అనే చారల రాతి నేల. ఊరి పక్క గుట్టే గని. వడ్డెరలు పగలగొట్టిన రాయిని ఎద్దుబండి మీద తెచ్చి కట్టిన గోడలే ఎక్కువ. గోడ మందం మూరెడు, కొన్ని ఇళ్లలో అంతకన్నా ఎక్కువ. బయటి ముఖానికి ఒక వరస, లోపలి ముఖానికి ఒక వరస పేర్చి, నడుమ మట్టీ చిన్న రాళ్లూ కూరుతారు. రాయికి నునుపు చేసేది కంటికి కనిపించే ముఖం ఒక్కటే. దర్వాజను ఆనుకునే పక్క ముఖాన్ని ఎవరూ చెక్కరు. అక్కడ ఒక రాయి రెండంగుళాలు ముందుకు వస్తే, దాని పైది అంగుళం వెనక్కి ఉంటుంది. గ్రానైటు చెక్కడం తేలికైన పని కాదు, గచ్చు కింద కనపడని దానికి కూలి ఎవరు ఇస్తారు?

ఇంకో సంగతి. ఈ ప్రాంతంలో ముందు దర్వాజ నిలబెడతారు, తర్వాతే దాని చుట్టూ గోడ లేస్తుంది. మంచి రోజు చూసి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, కడప (గడప) కింద నవధాన్యాలు వేసి నిలబెట్టే తంతు అందరికీ తెలిసిందే. ఆ రోజు దర్వాజ కర్ర ఎంత పచ్చిగా ఉందో, ఎంత ఆరిందో మాత్రం చాలామంది పట్టించుకోరు. గోడ లేచేటప్పుడు తడి మట్టి దానికి ఆనుతుంది. కర్ర ఆ తడి పీల్చి ఉబ్బుతుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక కర్ర ఆరి కుంగుతుంది, మట్టీ ఆరి కుంగుతుంది. మట్టి నల్లరేగడి అయితే మరీ కుంగుతుంది. చెరువు ఎండినప్పుడు రేగడి నేల ఎట్లా నెర్రెలు విచ్చుతుందో, గోడ సందులో పెట్టిన రేగడి కూడా అట్లాగే విచ్చుతుంది.

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లాంటి గుళ్లలో ఈ తంటా లేదు. అక్కడ గర్భగుడి ద్వారబంధం కూడా రాయే, గోడలాంటి వస్తువే. ఇంటికి వచ్చేసరికి రాయి ఒక తీరు, కర్ర ఒక తీరు.

కర్ర కదలిక ఎంత అనేది లెక్క కట్టవచ్చు. కర్ర నిలువు పొడవునా దాదాపు కదలదు, ఏడడుగుల కమ్మి (దర్వాజ పక్క నిలువు కర్ర) ఎండకూ వానకూ ఏడడుగులే ఉంటుంది. కదిలేది అడ్డంగా, అంటే వెడల్పులో. టేకు మంచి నిలకడ గల కర్ర అని పేరు. అదైనా తనలోని తేమ ఒక శాతం మారినప్పుడల్లా, కోత తీరును బట్టి, వెడల్పులో వెయ్యింట ఒకటి నుంచి రెండు వంతుల దాకా మారుతుంది. ఆగస్టుకూ మే నెలకూ మధ్య దర్వాజ తేమ ఆరు శాతం తేడా పడిందనుకుంటే, ఐదంగుళాల వెడల్పు కమ్మి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా మారవచ్చు. వేప, తుమ్మ లాంటి నాటు కర్రను సరిగా ఆరబెట్టకుండా వాడితే ఇంకా ఎక్కువ. రాయి సంగతి చూస్తే, మీటరు పొడవు గ్రానైటు 30 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది పావు మిల్లీమీటరే. మూరెడు గోడ లోపల అంత తేడా కూడా రాదు.

ఒకటిన్నర మిల్లీమీటరు అంటే ఏముందిలే అనిపిస్తుంది. దర్వాజ రెండు పక్కలా ఏడేసి అడుగులు, పైన మూడున్నర అడుగులు, మొత్తం పదిహేడున్నర అడుగుల సందు. అది సగటున 5 మిల్లీమీటర్లు తెరుచుకుని ఉందనుకుంటే మొత్తం కలిపి సుమారు 267 చదరపు సెంటీమీటర్లు. గోడకు పదహారు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు కంత పెట్టినట్టే. గోడకు అట్లాంటి కంత ఉంటే ఇంటివాళ్లు ఒక్కరోజు ఊరుకోరు, మరి సందుగా పరుచుకుంటే పట్టించుకోరు. సందు తిన్నగా ఉండదు, వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి లెక్కలో సగమే వేసుకున్నా, ఓ మోస్తరు గాలికే పన్నెండడుగుల గదిలోని గాలంతా గంటకు ఒకటి రెండుసార్లు మారిపోతుంది. ఏసీ పెట్టిన గదిలో కరెంటు బిల్లు ఎందుకు దిగదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సిమెంటు ఎందుకు నిలవదు

సిమెంటు గట్టిది, ఈ చోట దాని చిక్కు ఆ గట్టితనమే. కర్ర ఉబ్బినప్పుడు కొంచెం నలిగి, కుంగినప్పుడు కొంచెం సాగే గుణం దానికి లేదు. ఆరేటప్పుడు తనూ కుంగుతుంది. పైగా నున్నటి కర్రకు అది అంటుకోదు, గరుకు రాయిని పట్టుకుంటుంది. కాబట్టి విడిపోయేది ఎప్పుడూ కర్ర వైపే.

ఇంతకన్నా చెడు చేసేది కంటికి కనిపించదు. మట్టితో కట్టిన గోడ పునాది నుంచి తడి పీల్చి, గోడ ముఖాల నుంచి మెల్లగా ఆవిరి చేస్తుంది. సున్నపు గచ్చు ఆ ఆవిరికి దారి ఇస్తుంది. దర్వాజ చుట్టూ చిక్కటి సిమెంటు పట్టీ వేస్తే ఆ తడి పక్కదారి పడుతుంది, దగ్గర్లో మెత్తగా దొరికేది కర్ర. తేమ ఇరవై శాతం దాటి చాలాకాలం ఉంటే కర్రకు బూజు పట్టి కుళ్లడం మొదలవుతుంది. కడప దగ్గర దర్వాజ కాళ్లు ముందుగా మెత్తబడేది అందుకే. గోడ నడుమ మట్టిలో తిరిగే చెదలుకు అట్లాంటి మెత్తటి తడి కర్ర పండగ భోజనం. పైన సిమెంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, వెనక కర్ర గుల్ల అవుతుంది. తట్టి చూస్తే తప్ప తెలియదు.

సిమెంటుకు బదులు ఇప్పుడు షాపుల్లో ఎపాక్సీ ముద్ద, గోడ పుట్టీ అంటగడుతున్నారు. పుట్టీ పలచటి పూత కోసం పుట్టింది, లోతు సందులో పెడితే నెర్రెలు తీస్తుంది. ఎపాక్సీ రాయికీ కర్రకూ రెంటికీ గట్టిగా పట్టుకుంటుంది, అప్పుడు తెగేది కర్ర పొరే. దర్వాజ అంచు చీలిక లేచిన ఇళ్లు చూస్తే చాలావాటిలో కారణం ఇదే.

ఏ నెలలో చేయాలి

పద్ధతి కన్నా ముందు నెల గురించి చెప్పుకోవాలి, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏప్రిల్‌లో కర్ర బాగా కుంగి ఉంటుంది, సందు అన్నిటికన్నా వెడల్పుగా కనిపిస్తుంది, ఇంటివాళ్లకు కోపం వచ్చేదీ అప్పుడే. ఆ కోపంలో గట్టిగా కూరి మెత్తితే జులైలో కర్ర ఉబ్బడానికి జాగా ఉండదు. గోడ వైపు దారి లేక దర్వాజ లోపలికి వంగుతుంది, తలుపు పట్టేస్తుంది. తర్వాత వడ్రంగి వచ్చి తలుపు అంచును చిత్రిక పడతాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ తలుపుకూ దర్వాజకూ మధ్య కొత్త సందు! ఒక సందు మూయబోయి రెండు సందులు.

ఆగస్టులో చేస్తే దీనికి తలకిందులు. ఉబ్బిన కర్రకు సరిపోయేలా పెట్టిన పట్టీ మే నెలకు వదులైపోతుంది. దసరా దాటాక, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉండే రోజులు మేలు. కర్ర నడిమధ్య స్థితిలో ఉంటుంది. సున్నం పనికీ అదే అనువైన కాలం, సున్నం మెల్లగా ఆరాలి. మే ఎండలో పొద్దున పెట్టిన సున్నం మధ్యాహ్నానికే పొడిపొడిగా రాలుతుంది.

ముందు గాలి ఎక్కడిదో చూడాలి

వెలుగు గీత కనిపించిన చోటే గాలి వస్తుందనుకోవడం సగమే నిజం. నడుమ మట్టి కూరిన రాతిగోడలో ఎలుకలు తవ్విన బొరియలూ, మట్టి జారి ఏర్పడిన డొల్లలూ ఉంటాయి. బయట దర్వాజ పక్కన దూరిన గాలి గోడ లోపల తిరిగి, గదిలో మూరెడు దూరాన గూడులోంచి బయటపడవచ్చు. లోపలివైపు ఒక్కటే మూస్తే గాలి ఇంకో దారి వెతుక్కుంటుంది.

వెతకడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గాలి వీచే రోజు ఫ్యాన్లు ఆపి, ఊదుబత్తి వెలిగించి దర్వాజ వెంట, కిటికీ చౌకట్టు వెంట, గోడలోకి దూలం దిగే చోట మెల్లగా నడపాలి. పొగ లోపలికి తోసుకొస్తున్న చోట బొగ్గుముక్కతో గుర్తు పెట్టుకోవాలి. బయటి నుంచి కూడా ఒకసారి చూడాలి, ముఖ్యంగా పడమటి గోడ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానగాలి తోసేది ఆ వైపే.

లోతున మెత్తగా, పైన పలచగా

పాత సిమెంటును సన్నటి ఉలితో తీసేయడం అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. కర్ర వైపు నుంచి మొదలుపెట్టి గోడ వైపు విడదీయాలి, సుత్తె దెబ్బ ఎప్పుడూ కర్ర మీద పడకూడదు. లోపలి దుమ్మూ వదులు మట్టీ బ్రష్షుతో దులిపి, అప్పుడు కర్రను సూదితో పొడిచి చూడాలి. సూది మొన దిగబడితే కుళ్లు ఉన్నట్టు. కుళ్లిన దర్వాజ చుట్టూ సందు మూయడం పుండు మీద పట్టు పంచె కప్పడమే, ముందు వడ్రంగి మేస్త్రీని పిలవాలి.

అంగుళం దాటిన జాగాల్లో చిన్న రాతిచిప్పలు బిగించాలి. రాతి చిప్ప రాతిని ఆనుకోవాలి, కర్రను తాకకూడదు. ఇట్లా చిప్పలు పెడుతూ ఎగుడుదిగుడు గోడ అంచును దాదాపు తిన్నటి గీతకు తేవడమే అసలు పనితనం. ఆ తర్వాత కర్రకూ రాతికీ మధ్య సుమారుగా ఒకే వెడల్పు సందు, అర అంగుళం వరకు, మిగులుతుంది. సందు వెడల్పు ఒకేలా ఉంటే కదలిక అంతటా పంచుకుంటుంది. ఒకచోట అంగుళం, ఒకచోట వెంట్రుక మందం ఉంటే ఆ వెంట్రుక మందం దగ్గరే తెగుతుంది.

ఆ సందు లోతులో మెత్తటిది ఏదైనా కూరాలి. గోగునార తాడు, జనుప తాడు, కొబ్బరి పీచు తాడు ఏదైనా సరే. కల్లుగీత కార్మికుల పాత మోకు ముక్కలైనా పనికొస్తాయి. సన్నటి సున్నపు తేటలో ముంచి ఆరబెట్టిన తాడు అయితే పురుగు తొందరగా పట్టదు. దూది, పాత బట్ట వద్దు, అవి నీళ్లు పీల్చి ఉంచుకుంటాయి, ఎలుకలు గూళ్లు కట్టుకోవడానికి లాక్కుపోతాయి. తాడును చెక్క మొనతో మెల్లగా దిగ్గొట్టాలి. మరీ బిగువుగా కూరితే అదీ గట్టిదే అవుతుంది. పైన అర అంగుళం లోతు ఖాళీ వదలాలి.

ఆ ఖాళీలో సున్నం. సిమెంటుతో పోలిస్తే సున్నం బలహీనమైనది, ఇక్కడ కావలసిందీ బలహీనతే. కర్ర కదిలితే సున్నం సన్నగా, వెంట్రుకల్లా అక్కడక్కడా చీలుతుంది గానీ పట్టీ మొత్తం ఊడి రాదు. వానతడి తగిలినప్పుడు లోపల మిగిలిన సున్నం కొంత కరిగి ఆ వెంట్రుక చీలికల్లో మళ్లీ గడ్డకడుతుంది. పాతకాలంలో గానుగలో రుబ్బిన డంగు సున్నం వాడేవాళ్లు, బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ కలిపేవాళ్లు. ఇవాళ ఊళ్లలో గానుగలు లేవు, గానుగ తిప్పిన ఎడ్లూ లేవు. విచిత్రం ఏమిటంటే సున్నపురాయికి ఇక్కడ కొదవ లేదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నేల కింద ఉన్న సున్నపురాయే అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు. అదే రాయి సిమెంటు బస్తాగా ఊరికి తిరిగొస్తుంది, సున్నంగా మాత్రం రాదు. రాతిపనీ మట్టిపనీ తెలిసిన పాలమూరు చేతులు దేశమంతా డ్యాములు కట్టడానికి వలసపోయాయి. సొంత ఊళ్లో సున్నం కలపడం తెలిసిన మనిషి కోసం వెతుక్కోవలసి వస్తోంది.

కొలత మామూలుగా ఒకపాలు సున్నానికి మూడుపాళ్లు పదునైన ఇసుక. పొడి సున్నమైతే నీళ్లలో నానబెట్టి, వారం పది రోజులు ముద్దగా ఉంచి వాడితే పని నునుపుగా వస్తుంది. కాల్చిన సున్నపురాయిని ఇంట్లో చల్లార్చేటప్పుడు నీళ్లు మరిగి చిందుతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు దగ్గర లేకుండా చూసుకోవాలి. సందును ముందు నీళ్లతో తడిపి, ఒకేసారి నిండా మెత్తకుండా పావు అంగుళం చొప్పున రెండు పొరలుగా పెట్టాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది, ఆ పని పైనుంచి లోపలికి మెల్లగా సాగుతుంది. నాలుగైదు రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.

సున్నం దొరక్కపోతే ఎర్రమట్టీ ఇసుకా సగం సగం, సన్నగా తరిగిన గడ్డీ కొంచెం సున్నమూ కలిపిన ముద్దతో లోపలివైపు పని కానివ్వొచ్చు. బయటివైపు జల్లు కొట్టే చోట అది ఆగదు.

అన్నిటి మీదా చివరగా చెక్క పట్టీ, వడ్రంగులు బీడింగ్ అనేది. నిజానికి చూపుకు ఇల్లు మారిపోయేది దీనితోనే. గోడ ఎగుడుదిగుడు కాబట్టి తిన్నటి పట్టీ కొడితే మళ్లీ దాని వెనక సందులే. పట్టీని గోడకు ఆనించి నిటారుగా పట్టుకుని, చిన్న చెక్క బిళ్లకు పెన్సిల్ ఆనించి, బిళ్లను రాతి అంచు వెంట నడిపిస్తే రాతి వంకరలన్నీ పట్టీ మీద గీతగా దిగుతాయి. ఆ గీత వెంట కోస్తే పట్టీ రాతికి అతికినట్టు కూర్చుంటుంది. మేకులు దర్వాజకే కొట్టాలి, గోడకు ఒక్కటీ వద్దు. కర్ర కదిలితే పట్టీ కూడా దాంతోపాటే రాతి మీద జారుతుంది. రెండు వైపులా బిగిస్తే పట్టీ నడిమికి చీలుతుంది.

షాపులో ట్యూబుల సంగతి

సిలికాన్, పాలీయురేథేన్ సీలెంట్లు ఈ పనికి చెడ్డవి కావు, సరిగా వాడితే సాగే గుణం వాటికి ఉంది. మంచి రకం తన వెడల్పులో నాలుగోవంతు దాకా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఇక్కడ లెక్క తలకిందులుగా తోస్తుంది. 3 మిల్లీమీటర్ల సందు 1 మిల్లీమీటరు తెరుచుకుంటే అది మూడోవంతు సాగినట్టు, చిరుగుతుంది. అదే సందును చెక్కి 10 మిల్లీమీటర్లు చేసి నింపితే సాగేది పదోవంతే, నిలుస్తుంది. సన్నటి సందు సులువు, వెడల్పు సందు కష్టం అనుకునేవాళ్లు ఇక్కడ మోసపోతారు. వెడల్పులో సగం లోతుకే నింపాలి, వెనక మెత్తటి ఫోమ్ తాడు పెట్టి సీలెంటు రెండు పక్కలకే అంటుకునేలా చూడాలి. వెనక గోడకు కూడా అంటితే సాగడానికి వీలుండదు.

మట్టి రాలే గోడకూ, సున్నం పూసిన రాతికీ ఏ సీలెంటూ పట్టదు. అది పట్టుకునేది దుమ్మును, దుమ్ము ఊడితే అదీ ఊడుతుంది. రాయి కడిగి, ఆరి, గరుకుగా గట్టిగా ఉన్న చోటే పని చేస్తుంది. సిలికాన్ మీద రంగు నిలవదు, కాబట్టి లోపల కనిపించే చోట రంగు పట్టే రకం అడగాలి.

డబ్బా నొక్కితే పొంగే ఫోమ్ గురించి ఒక్క మాట చాలు. అది పొంగేటప్పుడు దర్వాజను లోపలికి తోస్తుంది, ఎండ తగిలితే పసుపు రంగుకు తిరిగి పొడి అవుతుంది, చీమలు అందులో కాపురం పెడతాయి.

దూలాల చివరలు, మూయకూడని సందులు

పాలమూరు వైపు మట్టి మిద్దెల్లో దూలాలూ దంతెలూ గోడలోకి దిగుతాయి. వాటి చుట్టూ ఉన్న జాగాలో పిచ్చుకలూ కందిరీగలూ గూళ్లు పెడతాయి, మిద్దె మీది చవుడు మట్టి రాలుతుంది. వీటిని దర్వాజలాగా చూడకూడదు. కర్ర కొన దాని పక్కలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా నీళ్లు తాగుతుంది. దూలం కొన చుట్టూ సిమెంటు దట్టించడం అంటే ఇంటి కప్పును మోసే చోటనే కుళ్లుకు గది కట్టి ఇచ్చినట్టు. అక్కడ కొన చుట్టూ వేలిమందం ఖాళీ వదిలి, పురుగూ పిట్టా రాకుండా గది వైపు మాత్రం సన్న జాలీ ముక్క మడిచి దూర్చి, అంచుకు పలచగా సున్నం పెడితే చాలు. బయటివైపు జల్లు తగులుతుంటే ఆ చోటు పైన చూరు పొడిగించాలి.

కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో చూరు కింది సందు మూయడం అసలు పనికిరాదు, పొగకు అదే దారి. గడ్డి కూలర్ ఉన్న గదిలోనూ అంతే. కూలర్ తడిగాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది, ఆ గాలి బయటికి పోవడానికి దారి లేకపోతే గది చల్లబడకపోగా ఉక్క పెడుతుంది, గోడలు చెమరుస్తాయి, దర్వాజ ఉబ్బుతుంది. అందుకని సందులు మూసిన ఇంట్లో ఏసీ పెట్టుకున్న గది తలుపులు వేసుకోవచ్చు గానీ, కూలర్ నడిచే గదిలో ఎదుటి కిటికీ రెక్క ఒకటి బెత్తెడు తెరిచి ఉంచుకోవాలి.